చిల్లు పెట్టని బకెట్

"దీనికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది" అని మా అక్క అందరికీ చెప్పేది. చెప్పనీ, అబద్ధమేం కాదు. కానీ నా ముక్కుకు కోపం మొయ్యడం కాక ఇంకో పని కూడా రాసిపెట్టి ఉందని, దాన్ని నమ్ముకుని ఒక మనిషి ఏళ్ల తరబడి తిరుగుతాడని అక్కకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ మనిషి మా బావ, అక్క మొగుడు. వీధిలో అందరికీ బకెట్ల బాబాయి. ఆయన కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా బాబాయి అనే పిలుస్తారు, అదేం వరసో ఆ దేవుడికే తెలియాలి. మూడో అంతస్తులో ఆయన వాటా ముందు, మెట్ల మలుపు దగ్గర మొదలుపెట్టి వసారా చివరి దాకా ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు వరసగా ఉంటాయి. అన్నిట్లోనూ గులాబీలే. ఎవరైనా ఆగి చూశారా, అయిపోయారు. ఒక్కో మొక్క పుట్టుపూర్వోత్తరాలూ విన్నాకే మెట్లు దిగాలి.

బావ పెయింటరు. పదహారో ఏట నిచ్చెన ఎక్కాడు, అరవై రెండో ఏట మేమంతా గడ్డం పట్టుకుని బతిమాలితే దిగాడు. గోడకు అరచెయ్యి ఆనించి లోపల చెమ్మ ఉందో లేదో చెప్పేసేవాడు. లప్పం పెట్టి రుద్దాక వేలితో ఒక్కసారి తడిమి, "ఇక్కడ ఇంకో చెయ్యి పడాలి" అంటే, పడాల్సిందే. పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు కూడా ఆ మాటకు ఎదురు చెప్పేవారు కాదు.

ఆ పనే ఆయన ముక్కును తినేసింది. తలుపులు బిగించిన గదుల్లో బీరువాలకు వార్నిష్ కొట్టడం, థిన్నరులో చేతులు కడుక్కోవడం, ముఖానికి గుడ్డ కట్టుకోమంటే "ఊపిరాడదు" అనడం. వాసనలు ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే ఆయనకు తెలియనే లేదు. ఒక రోజు పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. గిన్నెలో పాలు పొంగి, ఇగిరి, మాడి, నల్లగా అంటుకుపోయాయి. ఏదో పని మీద కింది వాటాకు దిగిన అక్క వాసన తగిలి పరుగెత్తుకొచ్చింది. ఆయన తల ఎత్తి, "ఏమైంది, అంత కంగారు?" అన్నాడు. ఆ రోజు ఇద్దరికీ విషయం అర్థమైంది.

అప్పటి నుంచి ఆ ఇంటికి ముక్కు అక్కే. కూర పాడైందా, చొక్కా రెండో రోజుకు పనికొస్తుందా, గ్యాసు కట్టేశామా, అన్నీ అక్క చెప్పాల్సిందే. బావ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు, "ముక్కు అద్దెకు తీసుకున్నానండీ, ఓనరు మంచిది" అని.

ఇక గులాబీ సంగతి. వాళ్లు ఆ వాటాలోకి వచ్చిన కొత్తలో, ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఒక నూనె డబ్బాలో ఎండిపోయిన పుల్లను వదిలేసి పోయారు. అక్క దాన్ని పారేయలేదు. పైన కత్తిరించి, మట్టి మార్చి, నీడలో పెట్టి బతికించింది. చూడటానికి ఆ పువ్వు ఏమంత గొప్పగా ఉండదు. లేత రంగు, మరీ ఎక్కువ రేకులు, విచ్చుకోగానే తల కిందికి వాల్చేస్తుంది. నలిగిన జాకెట్ గుడ్డలా ఉందే అని నేను వెక్కిరించేదాన్ని. కానీ వాసన! కింది గేటు తీయగానే తెలిసిపోయేది అది పూసిందని. ముందు పండిన పండులా తియ్యగా తగిలి, వెనకనుంచి కాస్త ఘాటుగా ఏదో వచ్చేది, మిరియమా, లవంగమా, చెప్పలేం. అక్క ఒక పువ్వును గ్లాసులో వేసి కిటికీలో పెట్టేది. ఏడేళ్లు బావ కూడా ఆ వాసన పీల్చాడు. తర్వాత ముక్కు పోయింది.

ముక్కు పోయాక ఆ పువ్వు పూసిన ప్రతిసారీ వాళ్లిద్దరి మధ్య ఒకటే మాట.

"ఉందా?" అనేవాడు బావ.

"ఉంది" అనేది అక్క.

అంతే. ఆయన తల ఊపి, చెప్పులేసుకుని పనికి పోయేవాడు.

మొక్కల విషయంలో వాళ్లకు తగువంటూ వస్తే చిల్లు దగ్గరే వచ్చేది. బావ తెచ్చిన ఖాళీ బకెట్‌ను అక్క బోర్లించి, పాత స్క్రూడ్రైవరును పొయ్యి మీద ఎర్రగా కాల్చి, అడుగున నాలుగు, పక్కన ఒకటి చిల్లులు పెట్టేది. బావ చూడలేకపోయేవాడు. పెయింటరు చేతిలో బకెట్‌కు చిల్లు పడిందంటే ఒక ఇంటి నేల నాశనమైనట్టే. ఆయనకు పని నేర్పిన మేస్త్రీ, బీట వారిన బకెట్ తెచ్చినవాణ్ని ఆ పూట ఇంటికి పంపించేసేవాడట.

"బంగారం లాంటి బకెట్‌ని పాడు చేశావు కదే!" అనేవాడు బావ.

"నిన్ను గొంతుదాకా నీళ్లలో కూర్చోబెడితే తెలుస్తుంది" అనేది అక్క.

ఆయన వసారాలోంచి బయటికి వెళ్లిపోయేవాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్క బకెట్‌కు కూడా తన చేత్తో చిల్లు పెట్టి ఎరగడు. అది అక్క మొండితనమనే ఆయన ఉద్దేశం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం మనిషి, మార్చడం ఎవరి తరం?

అక్క ఆసుపత్రిలో ఇరవై మూడు రోజులు ఉంది. రెండో వారంలో, ఇంకా మాట్లాడగలిగిన రోజుల్లో, బావతో అంది, "ఆ గులాబీ వేళ్లు బకెట్ అంతా చుట్టుకుపోయాయి. పెద్ద దాంట్లోకి మార్చు. మర్చిపోకు." ఆయన మర్చిపోలేదు. అక్క పోయిన వారానికి, తన దగ్గరున్న వాటిలో గీత కూడా పడని పెద్ద బకెట్ ఒకటి తీశాడు. మూడుసార్లు కడిగాడు. అక్కకు ఇష్టమని బయట లేత నీలం రంగు రెండు కోటింగులు వేశాడు. కొత్త మట్టి, ఎరువు కలిపి మొక్కను అందులోకి మార్చాడు. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోశాడు. చిల్లు మాత్రం పెట్టలేదు.

నేను ఐదు వారాలు ఆ ఇంటికి వెళ్లలేదు. తప్పే. ఆ మెట్లు ఎక్కుతుంటే పైనుంచి "వచ్చావుటే?" అని కేక వినపడాలి. వినపడకపోతే ఏం చెయ్యాలో తెలియక వెళ్లలేదు. చివరికి ఒక ఆదివారం వెళ్తే, రెండో అంతస్తు మలుపులోనే గుప్పుమంది, మురుగు కాలవ పక్కన నిలబడ్డట్టు. పైన బావ మొక్క పక్కనే స్టూలు వేసుకుని, ఆకుల మీద చేత్తో నీళ్లు చిలకరిస్తున్నాడు. ఆకులన్నీ పసుపు తిరిగి సగం రాలిపోయాయి.

"దిగులు పెట్టుకుంది మరదలా, మీ అక్క కోసం" అన్నాడు.

నేను బకెట్‌ను కాలితో కదిపాను. లోపల నీళ్లు బుడుక్కుమన్నాయి.

"చిల్లు పెట్టలేదా బావా?"

"మీ అక్క మొక్కని చిల్లు బకెట్లో పెట్టమంటావా?" అన్నాడు, నేనేదో అనకూడని మాట అన్నట్టు.

మొక్కను పట్టుకుని లాగితే ఊడి వచ్చేసింది. వేళ్లు నల్లగా, వేలితో తాకితే తొక్క జారిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంత కంపు కొడుతుంటే నీకు తెలియలేదా?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నా ఏం లాభం? ఆయన నా ముఖం వైపు చూశాడు, బకెట్ వైపు చూశాడు. గోడలో చెమ్మను అరచేత్తో పట్టేసే మనిషి. ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. పచ్చగా కనిపించిన కొమ్మలన్నీ కత్తిరించి పదకొండు ముక్కలు నాటాం. ఒక్కటీ చిగురు వెయ్యలేదు.

అప్పుడు మొదలైంది ఆయన తిరుగుడు. అక్క బతికుండగా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ గులాబీ కొమ్మలు పంచింది. వాళ్లలో ఒక్కరి దగ్గరైనా బతికి ఉండకపోతుందా అని ఆయన ఆశ. మందుల షాపాయన దగ్గర ఎండలు మాడ్చేశాయి. స్కూలు గుమస్తాగారి కోడలు పీకి పారేసింది. మిగిలినవాళ్లు ఇళ్లు మారిపోయారు. రంగు వెయ్యడానికి ఏ ఇంటికి వెళ్లినా ముందు గోడలు కాదు, కుండీలు చూసేవాడు. లేత రంగు పువ్వు కనిపిస్తే ఒకటి అడిగి, చిన్న పెయింటు డబ్బాలో వేసి, వాసన పోకుండా మూత బిగించి నా దగ్గరికి తెచ్చేవాడు.

నాది బట్టలు సరిచేసే కొట్టు. పొడుగైతే కురచ చెయ్యడం, బిగుతైతే వదులు చెయ్యడం, కర్టెన్లు కుట్టడం. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, వచ్చినవాళ్లకు ఒక స్టూలు, అంతే చోటు. బావ ఆ స్టూలు మీద కూర్చుని డబ్బా మూత తీసేవాడు. "చూడు మరదలు పిల్లా" అనేవాడు. యాభై దాటిన పిల్లని మరి! నేను వాసన చూసేదాన్ని. ఆయన పువ్వును చూసేవాడు కాదు, నన్ను చూసేవాడు.

"కాదు బావా."

"సరిగ్గా చూడు. చివర్లో ఘాటు లేదూ?"

"లేదు."

"సరే. నీకు ఆ చొక్కా గుండీలు అర్జెంటేమో, కానియ్యి" అని లేచిపోయేవాడు. ఆరేళ్లలో ఎన్ని "కాదు"లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన డబ్బాకు మూత జాగ్రత్తగా పెట్టుకునేవాడు, లోపల ఇంకా ఏదో ఉన్నట్టు. నాకు దాన్ని చూస్తే ఏడుపొచ్చేది, ఏడుపొస్తే కోపమొచ్చేది.

ఆరో ఏడు ఎవరింటి మెట్ల మీదో జారాడు. చీలమండ వాచిపోయింది. డాక్టరు కదలొద్దన్న నాలుగో రోజునే, కర్ర పట్టుకుని రెండు బస్సులు మారి కొట్టుకు వచ్చాడు. వాచిన కాలికి చెప్పు పట్టక, దాన్ని గుడ్డపీలికతో కట్టుకున్నాడు. డబ్బా మూత తీశాడు. లేత రంగు పువ్వే. తల వాల్చింది కూడా. వాసన నిమ్మతొక్కలా ఉంది. అక్కది కాదు, దగ్గరికి కూడా రాదు. నేను ఆయన కాలి వైపు చూశాను.

"ఇదే బావా" అన్నాను.

"నిజంగా?"

"నా ముక్కు మీద ఒట్టు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కర్రను గోడకు ఆనించి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది మరీ గట్టిగా అతుక్కుపోయింది.

ఆ మొక్క కొమ్మ తెచ్చి నాటితే ఇట్టే బతికింది. ఈసారి బకెట్‌కు చిల్లులు నేనే పెట్టాను, ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన తిరుగుడు ఆగింది, కాలు బాగైంది. పొద్దున లేవగానే కాఫీ కప్పుతో దాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. పూసినప్పుడల్లా నన్ను పిలిపించేవాడు.

"ఉందా?"

"ఉంది."

అక్క చెప్పిన మాటనే నేను చెప్తున్నాను, నిమ్మతొక్క వాసనకు. మొదట్లో పుణ్యం చేశాననే అనుకున్నాను. పోనుపోను వేరే భయం పట్టుకుంది. అక్క గులాబీ ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే మధ్యలో ఈ నిమ్మతొక్కే అడ్డొస్తోంది. "ఉంది" అన్నప్పుడల్లా అసలుది ఇంకొంచెం దూరం జరిగిపోతోంది. అక్క గొంతు టేపుల్లో లేదు, రాసిన ఉత్తరం ముక్క లేదు, ఆ వాసనొక్కటే నా దగ్గర మిగిలింది. దాన్నీ నా చేతులారా పోగొట్టుకుంటున్నానేమోనని మిషను దగ్గర కూర్చుని ఎన్ని పూటలు బెంగపడ్డానో.

అలా మూడేళ్లు గడిచాయి. ఒక రోజు కర్టెన్ల కొలతలకని పాటల టీచరు ఇంటికి వెళ్లాను. ఆవిడ ఒకప్పుడు అక్కావాళ్ల కింద, రెండో అంతస్తులో ఉండేది. పన్నెండేళ్లు వేరే ఊళ్లో ఉండి మళ్లీ వచ్చింది. వెనక గదిలో కిటికీకి టేపు పట్టాను. ఎంతో చూసి, పుస్తకంలో వెయ్యబోయేసరికి మర్చిపోయాను. మళ్లీ పట్టాను, మళ్లీ మర్చిపోయాను. మూడోసారి పడుతుంటే నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎందుకో అప్పుడు తెలిసింది. కిటికీ అవతల, చిల్లుపడ్డ అల్యూమినియం గిన్నెలో, నలిగిన జాకెట్ గుడ్డ లాంటి పువ్వు తల వాల్చుకుని ఉంది. ముందు పండిన పండు, వెనక ఆ ఘాటు.

"మీ అక్కగారిచ్చిందే" అంది టీచరు. "ఎక్కడికెళ్లినా గిన్నెతో సహా మోసుకు తిరిగాను. అదేంటమ్మా, ఏడుస్తున్నారు?"

పెన్సిలంత లావున్న కొమ్మలు ఆరు కత్తిరించుకుని, తడిగుడ్డలో చుట్టి కొట్టుకు తెచ్చాను. ఇసుక, మట్టి కలిపిన సంచుల్లో నాటి, సగానికి కోసిన సీసాలు బోర్లించాను. బావకు చెప్పకుండా గుట్టుగా మొక్క మార్చేస్తే? ఆయనకు ముక్కు లేదు కదా! ఆ ఆలోచన వచ్చింది, దాచడమెందుకు. రెండు రోజులు దాన్నే నెమరేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కాను, ఇంకా లోపలికి దిగడం దేనికని మూడో రోజు వెళ్లాను.

"బావా, ఒక మాట చెప్తా, కోప్పడకూడదు."

"కోపాలన్నీ నువ్వే పట్టుకెళ్లావుగా, నా దగ్గరేం మిగిల్చావు?" అన్నాడు.

"అది అక్క మొక్క కాదు. నేను అబద్ధం చెప్పాను."

"ఏది?" అన్నాడు, ఏదో తెలిసి కూడా. తర్వాత మెల్లగా, "మూడేళ్లు దాన్ని మీ అక్కను పిలిచినట్టే పిలిచాను. మరి ఎవర్ని పిలిచినట్టు?" అన్నాడు.

నేను కాలి సంగతి చెప్పబోయాను. ఆయన వినలేదు.

"గోడలో చెమ్మ ఉంటే ఉందని చెప్పాలి. ఇంటివాళ్లు బాధపడతారని పైన రంగు కొట్టేస్తే వాడు పెయింటరు కాడు."

"అసలుది దొరికింది బావా. పాటల టీచరు దగ్గర..."

చెయ్యెత్తాడు. "నువ్వు మళ్లీ 'ఇదే' అనకు. నీ ముక్కుకో దండం" అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే ఎప్పటిలా కింది దాకా రాలేదు.

నాలుగు నెలలు మాటల్లేవు. కొట్టు ముందునుంచి వెళ్తూ అవతలి వైపు చూసేవాడు. స్టూలు ఖాళీగా కనిపిస్తుంటే బట్టలు పెట్టేశాను దాని మీద. ఆరు కొమ్మల్లో ఐదు ఎండిపోయాయి. ఒకటి చిగురేసింది. చిగురేస్తే వేళ్లు వచ్చినట్టు కాదు, లాగి చూడకూడదని అక్క చెప్పేది. లాగకుండా నా చేతుల్ని నేనే కట్టేసుకున్నాను. చివరికి ఒక మొగ్గ కూడా వచ్చింది, బఠాణీ గింజంత.

ఆ సంచిని, ఒక కొత్త బకెట్‌ను, స్క్రూడ్రైవరును పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. బావ తలుపు తీసి పక్కకు జరిగాడు, రమ్మనలేదు.

"నేనేమీ అనను. ఏ మొక్కో నువ్వే చూసుకో" అన్నాను.

ఆయన బకెట్ ఎత్తి, బోర్లించి, అడుగున వేళ్లతో కొట్టి చూశాడు. "మంచి బకెట్" అన్నాడు. నాలుగు నెలల తర్వాత మొదటి మాట అది.

"ఔను. పాడు చెయ్యాలి. నేను చెయ్యను."

స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత పొయ్యి వెలిగించి, స్క్రూడ్రైవరు కాల్చి, కాళ్ల మధ్య బకెట్ ఇరికించుకుని కూర్చున్నాడు. ప్లాస్టిక్ కాలి పొగ లేచింది.

"కంపు కొడుతోందా?"

"చచ్చేంత."

అడుగున నాలుగు, పక్కన ఒకటి పెట్టాడు. అక్క పెట్టినచోటే, అదే దూరంలో. చూడకుండా బయటికి వెళ్లిపోయేవాడనుకున్నాను ఇన్నాళ్లూ. మట్టి నింపి, మొక్క నాటి, ఒక చెంబు నీళ్లు పోశాడు. కింద చిల్లుల్లోంచి నీళ్లు కారి వసారాలో పారుతుంటే కాళ్లు తీయకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. "ఇంతే కదా చెప్పింది, ముప్ఫై ఏళ్లు" అన్నాడు.

కాసేపటికి లేచి, బకెట్‌ను నా వైపు జరిపాడు. "కొట్టుకు తీసుకుపో."

"ఇక్కడ ఉంచుకోవా?"

"ఇక్కడ పూస్తే నాకేం తెలుస్తుంది? పూసినప్పుడు కబురు పెట్టు."

మరి ఆ నిమ్మతొక్క మొక్క అన్నాను. "దాని పాపమేముంది, పాపం నీది" అని దానికీ ఒక చెంబు నీళ్లు పోశాడు.

పన్నెండో రోజు మొగ్గ విచ్చుకుంది. కబురు పెట్టాను. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. స్టూలు మీది బట్టలు నేను తీసేలోపే తనే తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. పువ్వు అప్పటికే తల వాల్చింది. నేను వంగి వాసన చూశాను. ఆయన ఎప్పటిలాగే పువ్వును చూడలేదు.

"ఉందా?" అన్నాడు.

చెప్పాలని నోరు తెరిచాను. "వచ్చావుటే?" అని మెట్ల పైనుంచి ఎవరో కేకేసినట్టయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ బకెట్ అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

బావ నా ముఖం వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తల ఊపాడు.

"ఉంది" అన్నాడు.